నేను టైపు చేసిన ఊరు

కెనడాలో ఒక నది ఒడ్డున ఒక చిన్న నగరం ఉంది. దాని పేరు చెప్పను. చెప్పకూడదని ఉద్యోగంలో చేరిన రోజు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ ఉద్యోగం పోయింది, సంతకం పెట్టించుకున్నాయన మీద గౌరవమూ పోయింది. అయినా సంతకం నాది కాబట్టి పేరు చెప్పను. ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదు. నాకు పాస్‌పోర్టు కూడా లేదు. కానీ అక్కడ ఎవరి ఆవు ఎవరి తోటలో పడి క్యాబేజీలు మేసిందో, దాని మీద మునిసిపాలిటీకి ఎవరు అర్జీ రాశారో, ఆ అర్జీని ఎన్ని నెలలు నానబెట్టారో నన్నడిగితే చెబుతాను. మా ఎమ్మిగనూరు చరిత్ర అడిగితే మాత్రం తడుముకుంటాను. ఎం.ఏ. హిస్టరీ, బీఈడీ చదివినదాన్ని ఈ మాట అనడం సిగ్గే.

ఆదోనిలో మార్కెట్ యార్డుకు పోయే దారిలో పత్తి విత్తనాలమ్మే అంగడి ఒకటుంది. దాని పైన మేడ మీద రెండు గదుల్లో మా ఆఫీసు. కంప్యూటర్లు ఆరు, ఫ్యాన్లు రెండు, యజమాని ఒకడు. ఆయన్ని అందరం సార్ అనేవాళ్ళం. ఆ కెనడా ఊరి లైబ్రరీలో నూరేళ్ళు పైబడిన కాగితాలు ఉన్నాయి. మునిసిపాలిటీ మీటింగుల పుస్తకాలు, ఊరి పత్రిక, చర్చిలో సమాధుల రిజిస్టర్లు, ఎవరెవరివో డైరీలు. వాటిని ఫోటోలు తీసి పంపిస్తే, ఆ చేతిరాత చూసి మేము టైపు చేయాలి. ఎన్ని చేతులు మారి ఆ పని ఆదోనిదాకా వచ్చిందో నాకు తెలియదు. నేను రోజూ ఎమ్మిగనూరులో పొద్దున బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా నూరేళ్ళ కిందటి మనుషుల చేతిరాత చదివి, మళ్ళీ బస్సెక్కి ఇంటికి పోయేదాన్ని. నాలుగేళ్ళు అలాగే గడిచాయి.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. ఒకే పేజీని ఇద్దరు టైపు చేస్తారు, ఒకరిది ఒకరు చూడకుండా. రెండూ కలిస్తే పేజీ పాసయినట్టు. ఎక్కడైనా తేడా వస్తే అక్కడ ఎర్రగా చూపిస్తుంది. పేజీ ఫోటోను మేము బొమ్మ అనేవాళ్ళం, అప్పుడు సార్ ఆ అసలు బొమ్మ చూసి ఎవరిది సరైనదో తేలుస్తారు. అలా ఒకే పేజీ చేసే ఇద్దరినీ జత అనేవాళ్ళం. జత ఎదురెదురుగా కూర్చోవాలి, మధ్యలో నిలువెత్తు అట్ట. ఇద్దరికీ పొద్దున అవే పేజీలు పంచుతారు, సాయంత్రానికి అవే పేజీలు తీసుకుంటారు. జతలో ఒకరు మానేస్తే రెండోవాళ్ళు కూడా ఇంటిదగ్గర కూర్చోవాల్సిందే, ఇంకో జత కుదిరేదాకా. మొగుడూపెళ్ళాల మధ్య కూడా ఇంత కట్టుబాటు ఉండదని నవ్వుకునేవాళ్ళం.

నా జత కోసిగి పిల్ల. నాకంటే ఆరేళ్ళు చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. పొద్దున ప్యాసింజరు రైల్లో దిగి, స్టేషన్ నుంచి షేర్ ఆటోలో వచ్చేది. వాళ్ళ ఊరివాళ్ళు సగంమంది ఏటా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్ని మా దగ్గర సుగ్గికి పోవడం అంటారు. ఈ పిల్ల కూడా ఏడో తరగతి దాకా సగం చదువు బడిలో, సగం మిరప చేలల్లో చదివింది. తర్వాత ఎవరో పంతులమ్మ హాస్టల్లో చేర్పిస్తే డిగ్రీ దాకా వచ్చింది. ఆమె వేళ్ళు నాకంటే వేగం. చేతిరాత చదవడంలో మాత్రం నేనే మేలు. మా నాన్న మంత్రాలయం దగ్గర ఒక గుడిలో పారాయణం చేస్తారు. చిన్నప్పుడు ఆయన పాత రాతప్రతులు పక్కన కూర్చుని చదివి చదివి నా కళ్ళకు ఆ అలవాటు పడింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మాకు ఆ ఊరే కబుర్లు. ఆరోజు పేజీల గురించి మాట్లాడుకోకూడదని రూలు. నిన్నటి పేజీల గురించి మాట్లాడుకోకూడదని ఎవరూ అనలేదు.

ఆ ఊరి చరిత్ర ఒక కోటతో మొదలవుతుంది. కోట అంటే మా ఆదోని కొండ మీది కోటలాంటిది అనుకునేరు. చెక్కల గోడ, లోపల జంతువుల తోళ్ళు కొనే వ్యాపారుల గోదాము, అంతే. దానికే తుపాకులు పెట్టి కోట అని పేరు పెట్టుకున్నారు. అంతకుముందు ఆ ఒడ్డున చేపలు పట్టుకుని బతికినవాళ్ళు ఉండేవాళ్ళు. మునిసిపాలిటీ పుస్తకాలన్నిటిలోనూ వాళ్ళ గురించి నాకు కనబడింది ఒక్క వాక్యం, గట్టు ఖాళీ చేయించడమైనది అని. తోటలో పడిన ఆవుకు మూడు పేజీలు. నేను ఆ వాక్యం టైపు చేసిన రోజు ఇంటికెళ్ళేదాకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ ఊరి మీద నాకు మొదటి అనుమానం అప్పుడే పుట్టింది. చాలా మర్యాదస్థుల ఊరు. వాళ్ళు ఏం చేసినా మర్యాదగా చేస్తారు, ముందు తీర్మానం రాసుకుని.

కోట తర్వాత కట్టెకోత మిల్లు వచ్చింది. పైన అడవుల్లో చెట్లు నరికి నదిలో వదిలితే దుంగలు తేలుతూ వచ్చి ఈ ఊరి దగ్గర ఆగేవి. నదికి ఉత్తరపు గట్టున దొరలు, డాక్టరు, చర్చి. దక్షిణపు గట్టున మిల్లు, మిల్లు కూలీలు, వాళ్ళ కోళ్ళు. మధ్యలో బల్లకట్టు. ఎండాకాలం బల్లకట్టు మీద దాటేవాళ్ళు, చలికాలం నది గడ్డకడితే మంచు మీద బండ్లు తోలేవాళ్ళు. ఏటా రెండుసార్లు మాత్రం కొన్ని వారాలు అటూ ఇటూ కాకుండా ఉండేది. బల్లకట్టు నడవదు, మంచు మనిషి బరువు ఆపదు. ఆ వారాల్లో ఊరు రెండు ముక్కలు. డాక్టరు అటు, జ్వరం ఇటు. పత్రికకు ఉత్తరాలు కుప్పలుగా వచ్చేవి, వంతెన ఎప్పుడు కడతారని. మన దగ్గరైతే నోరు పారేసుకుంటారు, వాళ్ళు సిరా పారేసుకునేవాళ్ళు. ఏటా వంతెన మీద చర్చ జరగడం, ఖర్చు దగ్గర ఆగిపోవడం. ఆ పిసినారితనం చదువుతుంటే నాకు మా పెద్దనాన్న గుర్తొచ్చేవాడు.

చలికాలం చివర మంచు ఎప్పుడు విరుగుతుందని ఊరంతా పందేలు కట్టేది. నది మధ్యలో మంచు మీద ఒక పీపా పెట్టి, దానికి తాడు కట్టి, తాడు రెండో కొస గట్టు మీద గడియారానికి తగిలిస్తారు. పీపా కదిలిన నిమిషం గడియారం ఆగుతుంది. మేమూ పందెం కట్టుకునేవాళ్ళం, ఆ ఏడాది పేజీలు రాకముందే. ఓడినవాళ్ళు మిరపకాయ బజ్జీలు పెట్టించాలి. నూరేళ్ళ కిందట కరిగిపోయిన మంచు మీద ఆదోనిలో ఇద్దరు ఆడవాళ్ళు బజ్జీలు తిన్నారంటే ఆ ఊరివాళ్ళు నమ్మరు.

రెండో ఏడాది మాకు బల్లకట్టు నడిపేవాడి భార్య డైరీలు వచ్చాయి. పదిహేడు నోటుపుస్తకాలు. ఆమె చేతిరాత గొలుసుకట్టు, వంకర, పైగా సిరా ఆదా చేసే మనిషి. మేము ఆమెను మన ముసలామె అనేవాళ్ళం, మొదటి పుస్తకంలో ఆమెకు ఇరవై ఏళ్ళయినా సరే. వాన, రొట్టెలు, కోళ్ళు, బల్లకట్టు మీద ఎవరు దాటారు, మొగుడికి నడుం నొప్పి. ఇవే రాసేది. మొదటి కాన్పు ఆ అటూ ఇటూ కాని వారాల్లోనే వచ్చింది. డాక్టరు అవతలి గట్టున దీపం ఊపుతూ నిలబడ్డాడు, రాలేకపోయాడు. పక్కింటి ఆమె పురుడు పోసింది. ఆరోజు నుంచి డైరీలో ప్రతి పేజీలోనూ ఆ పక్కింటి ఆమె ఉంది. జామ్ ఇచ్చింది, సూది అడిగింది, నవ్వించింది. ఇద్దరూ ఒకే పొయ్యి మీద బట్టలు ఉడకబెట్టుకున్నారు.

అదే సమయంలో సమాధుల రిజిస్టర్లు కూడా వచ్చాయి. వాటితో నా ప్రాణానికి కొత్త తిప్పలు వచ్చాయి. మా ఇంట్లో మడి, మైల పట్టింపు ఎక్కువ. చావు కబురు వింటే తలకు పోసుకోనిదే వంటింట్లోకి పోకూడదు. ఒకరోజు మాటల్లో, ఈరోజు నలభైమంది చచ్చిపోయినవాళ్ళ పేర్లు టైపు చేశానని మా అమ్మతో అన్నాను. అమ్మ చేతిలో గరిటె కింద పెట్టేసింది.

"అంతమంది పేర్లు నీ సేతుల మీదుగా వచ్చినాయి, ఊరికే పొయ్యి కాడికి వస్తావా? తలకు పోసుకోని రా పో," అంది.

వాళ్ళు పోయి నూరేళ్ళయింది, వాళ్ళ మనవళ్ళకు కూడా మైల తీరిపోయి ఉంటుందని ఎంత చెప్పినా వినలేదు. ఎమ్మిగనూరులో మాకు మునిసిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, ఎండాకాలం అదీ లేదు. అలాంటిచోట కెనడా శవాల కోసం నేను ఏడాది పొడుగునా బిందెలకు బిందెలు తలకు పోసుకున్నాను. నా జతకు ఈ సంగతి చెబితే కడుపు పట్టుకుని నవ్వింది. నవ్విన పిల్లే వారం తిరక్కముందే అలవాటు చేసుకుంది. కింద విత్తనాల అంగడి పక్కన కొళాయి ఉంది. చావు పేజీ చేసిన రోజు ఇద్దరం అక్కడ కాళ్ళూ మొహమూ కడుక్కుని, అప్పుడు ఆటో ఎక్కేవాళ్ళం. అలాంటి రోజు ఆమె పూలు కూడా కొనేది కాదు. మాకు ఏమీ కానివాళ్ళకు మేమిద్దరమే దిక్కయినట్టు నాకు అనిపించేది. ఆమెకూ అలాగే ఉండేదని నమ్మాను.

చివరికి ఆ ఊరికి వంతెన వచ్చింది. వంతెన కడితే బల్లకట్టుకు పని ఉండదు కదా. అందుకని మునిసిపాలిటీ ముందే మాటిచ్చింది, వంతెన దగ్గర సుంకం వసూలు చేసే ఉద్యోగం బల్లకట్టు ఆయనకే అని. మీటింగు పుస్తకంలో ఆ మాట నేనే టైపు చేశాను. ఆ ధైర్యంతో ఆయన రెండేళ్ళు వంతెన రాళ్ళు, ఇనుము, సున్నం అన్నీ తన బల్లకట్టు మీదే నది మధ్యకు చేరవేశాడు. వంతెన తెరిచిన మరుసటి నెల మీటింగులో ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చారు. ఆ ఇంకొకరు మేయరుగారి బావమరిది. మేయర్లకు బావమరుదులు ఏ దేశంలోనైనా ఉంటారు, దానికి నేను ఆశ్చర్యపోలేదు. ఆ బావమరిది ఎవరో కాదు, పురుడు పోసిన పక్కింటి ఆమె మొగుడు. అది చదివినప్పుడు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆరోజు డైరీలో మన ముసలామె ఒకే వాక్యం రాసింది, వాన, ఆయన మధ్యాహ్నం దాకా పడుకున్నాడు అని. ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు తిరగేసినా పక్కింటి ఆమె పేరు లేదు. పక్కింటివాళ్ళు వంతెన అవతలికి మకాం మార్చారు.

ఉద్యోగం సంగతి చదివిన మరుసటి రోజు మేమిద్దరం అన్నం సరిగ్గా తినలేదు. మొగుడికి ఉద్యోగం వస్తున్నట్టు ఆ పక్కింటి ఆమెకు ముందే తెలుసా లేదా అని మధ్యాహ్నమంతా వాదించుకున్నాం. తెలిసే ఉంటుందని నేను, తెలిసినా ఏం చేయగలదని ఆమె. చివరికి నా జత ఒక మాట అంది.

"ఆ బల్లకట్టు యప్పది తప్పు. నేనైతే ఒక్క రాయి గూడా దాటించిండేదాన్ని కాదక్కా."

నేను తలూపాను. ఆ మాట నాకు నచ్చింది కూడా.

కిందటేడు జూన్ ముందు నాకు గోనెగండ్ల వైపు ఒక హైస్కూల్లో సోషల్ టీచరుగా రమ్మని కబురొచ్చింది. నేను చదివిన చదువుకు సరిపోయే ఉద్యోగం. ఇంటికి దగ్గర, పైగా పిల్లలకు పాఠం చెప్పాలన్నది నాకు పదేళ్ళ కోరిక. అమ్మ ఆ సాయంత్రమే పాయసం వండింది. నేను మొదట చెప్పింది నా జతకే. ఆదోని బస్టాండులో, మా ఊరి బస్సు కదలబోతుంటే చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. బస్సు వెళ్ళిపోయింది.

"నువ్వు పోతే నా కుర్చీ గూడా పోతాదక్కా. జత లేకుంటే నన్ను యాడ కూసోబెడ్తారు? మళ్ళా మా యమ్మోళ్ళ ఎంబడి సుగ్గికి పోవల్లంటే నేను సచ్చిపోతాను," అంది.

ఏడ్చింది. ఉత్తుత్తి ఏడుపు కాదు, చుట్టూ జనం చూస్తున్నా ఆపుకోలేకపోయింది. ఆ తర్వాతి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికి చేరేలోపల నేను నిర్ణయం తీసేసుకున్నాను. ఆ పిల్ల నోటికాడ కూడు లాగేసి నేను పాఠాలు చెప్పడమెందుకని. స్కూలుకు రాలేనని చెప్పేశాను. అమ్మ రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అంత గొప్ప త్యాగం చేసినందుకు లోలోపల నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది, దాచుకోవడమెందుకు.

పది నెలలు గడిచాయి. మన ముసలామె పదిహేడో పుస్తకానికి వచ్చాం. చేతిరాత వణుకుతోంది, రోజుకు రెండు పంక్తులకు మించి లేవు. ఒకరోజు పొద్దున నేను తెరిచిన మూడో పేజీ వేరే చేతిరాతలో ఉంది. కూతురిది. అమ్మ ఈ ఉదయం చనిపోయింది అని మొదటి పంక్తి.

నేను కీబోర్డు మీది నుంచి వేళ్ళు తీసేశాను. అట్టకు అవతల నా జత కీబోర్డు చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంది. పాపం, కన్నీళ్ళు కనబడకుండా పని చేసుకుంటోందనుకున్నాను. మూడేళ్ళుగా ఆ ముసలామెతో పొద్దున్నించి సాయంత్రం దాకా ఉన్నాం. మా ఇంట్లో వాళ్ళ గురించి కూడా మాకు అంత తెలియదు.

సాయంత్రం ఐదింటికి కిందికి దిగి కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాను. ఆమె కోసం కొళాయి కట్టేయకుండా నిలబడ్డాను. ఆమె మెట్లు దిగింది. నేరుగా పూలమ్మే ఆమె దగ్గరికి పోయి మూర కనకాంబరాలు కొని, సగం తుంచి తలలో పెట్టుకుని, మిగతా సగం నాకు చాపింది. నాకు అర్థం కాలేదు. ఈరోజు పేజీలెలా ఉన్నాయని అడిగాను.

"ఎప్పటి మాదిరే అక్కా. ముసలామె, వాన, కోళ్ళు."

ముసలామె పొద్దున పదిన్నరకే పోయింది. ఈ పిల్ల నోట్లో ఇంకా కోళ్ళకు గింజలు వేస్తోంది. నేను పూలు తీసుకోలేదు, కొళాయి కట్టేసి బస్టాండుకు నడిచాను. ఇంట్లో ఆరోజు నేను చెప్పకుండానే బిందె తీసుకుని దొడ్లోకి పోతుంటే అమ్మ ఎవరు పోయారని అడిగింది. మా ముసలామె అన్నాను. అమ్మ తువ్వాలు తెచ్చి తలుపు మీద వేసింది.

మరుసటి రోజు పొద్దున నాలుగేళ్ళలో ఎప్పుడూ చేయని పని చేశాను. లేచి అట్ట చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి ఆమె స్క్రీను చూశాను. ఆమె దాచలేదు. ఎడమవైపు పేజీ బొమ్మ ఉంది. మధ్యలో ఎవరూ కొట్టకుండానే టైపయిన అక్షరాలు, కుడివైపు నేను ముందురోజు టైపు చేసిన పేజీ. మధ్యలోది మిషను, అంటే కంప్యూటరే, తనంతట చదివి రాసింది. ఆ మిషను ఎక్కడ తప్పు చదివిందో నా పేజీ పక్కన పెట్టి చూపించి దిద్దడం ఆమె పని. నా జత చాలాకాలంగా మనిషి కాదు. నేను టైపు చేసిన ప్రతి పేజీతో ఆ మిషను కాస్త కాస్త నేర్చుకుంటోంది. నా చేత్తో నేనే రాళ్ళు మోశాను.

ఎప్పటినుంచి అని అడిగాను. నేను స్కూలు సంగతి చెప్పినదానికి రెండు వారాల ముందు నుంచే అని చెప్పింది. అబద్ధం చెప్పే ప్రయత్నం కూడా చేయలేదు. బస్టాండులో నా చెయ్యి పట్టుకుని ఏడ్చేనాటికే ఆమెకు జతతో పని లేదు.

"సార్ నీ పేజీలే కావల్లన్నాడక్కా, వాటిల్లో తప్పులుండవని. నువ్వు పోయింటే దానికి నేర్పించేకి ఏముంటాది? అది నేర్చుకుంటే సూపర్‌వైజరు సీటు నాకిస్తామన్నారు."

నాకు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా అన్నాను.

"సెప్పింటే నువ్వు ఉండేదానివా?" అంది. మళ్ళీ తనే, "నేను సుగ్గికి పోలేనక్కా," అంది.

కొట్టాలనిపించింది. నిజంగానే అనిపించింది. ఆమె ఏడుపు అబద్ధమై ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఏడుపు నిజం, సుగ్గి భయం నిజం, అక్కా అనే పిలుపు నిజం. వీటన్నిటి మధ్యలో నన్ను మాత్రం పది నెలలు ఎదురుగా కూర్చోబెట్టి, అన్నం పంచుకుని, కూర బాగుందక్కా అంటూ మోసం చేసింది. తిరిగి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. మధ్యాహ్నం సార్ పిలిచి, ఈ పుస్తకం అయిపోతే నేను ఇంక రానవసరం లేదని చాలా మర్యాదగా చెప్పాడు.

మిగిలింది ఒక్క పేజీ, కూతురు రాసింది. తల్లిని పూడ్చిపెట్టిన రోజు గురించి. వాన కురిసింది, మిల్లువాళ్ళు వచ్చారు, పాదిరిగారు తొందరపడ్డారు. ఆ తర్వాత ఇలా ఉంది. పక్కింటి ఆమె వచ్చింది. వంతెన మీదుగా ఒంటరిగా, గొడుగు లేకుండా నడిచి వచ్చింది. అందరి వెనక నిలబడి, పిలిచినా ముందుకు రాలేదు. నేను కుర్చీ తెచ్చి వేశాను. ఆమె నా చేతులు పట్టుకుంది.

ఆ పంక్తులు రెండుసార్లు చదివాను. ఎందుకు రావాలి? మొగుడికి ఉద్యోగం వచ్చింది, ఇల్లు వచ్చింది, ముసలామె బతికున్నన్నాళ్ళూ ఒక్కసారైనా వంతెన దాటలేదు. ఇప్పుడు వానలో తడిస్తే సరిపోతుందా? కుర్చీ వేసిన ఆ కూతురి మీద కూడా కోపం వచ్చింది. నేను అట్ట వైపు చూస్తూ టైపు చేశాను. పక్కింటి ఆమె రాలేదు. అంతే. వంతెన, వాన, కుర్చీ అన్నీ తీసేశాను. నాలుగేళ్ళలో నేను కావాలని చేసిన మొదటి తప్పు. మిషను వచ్చింది అని చదువుతుంది, నేను రాలేదు అని రాశాను, అక్కడ ఎర్రగా వస్తుంది. నా జత బొమ్మ తెరిచి చూస్తుంది, చూసి ఆ పేజీ ఎవరి కోసం రాశానో తెలుసుకుంటుంది. అది తెలియాలి. ఆమెకు తెలియాలనే రాశాను. దిద్దడం ఎలాగూ ఆమె దిద్దుతుంది.

సాయంత్రం సంచి సర్దుకుని మెట్లు దిగుతుంటే వెనకాలే వచ్చింది. రెండు మెట్లు పైనే ఆగింది.

"ఆఖరి పుస్తకం పంపించేసినానక్కా. ఒక్కకాడే నీదానికీ దానికీ తేడా వచ్చింది. పెద్ద తేడానే. బొమ్మ గూడా సూడలేదు, నీదే కరెక్టని పెట్టేసినాను. నీవి ఎప్పుడూ తప్పు పోవు కదా."

మంచిమాట చెబుతున్నాననుకుంది. ఆ ఒక్క మాటైనా నాకు ఇచ్చి పంపుదామనుకుంది. నేను ఆమె మొహం చూశాను. బస్సుకు టైమవుతోందని దిగి వచ్చేశాను.

ఇది జరిగి నెల దాటింది. ఆ ఊరి లైబ్రరీలో ఇప్పుడు ఎవరు చదివినా పక్కింటి ఆమె రాలేదు. ఆమె వచ్చింది. ఆ పేజీ బొమ్మ చదివింది ఈ పక్క నేనొక్కదాన్నే. ఆ పక్కింటి ఆమె నాకు ఏ ద్రోహమూ చేయలేదు. దిద్దించాలంటే నా జతకు ఫోన్ చేసి, నువ్వు నన్ను నమ్మావు, నేను అబద్ధం రాశాను అని చెప్పాలి. రోజూ పొద్దున ఆమె రైలు దిగే వేళకు ఫోన్ చేతిలోకి తీసుకుంటాను. ఇంతవరకు చేయలేదు.